నీరు నడిచే అడవి

కోరంగి మడ అడవిలోకి పడవ వేసుకుని వెళ్ళాలనుకునేవాళ్ళు సెల్‌ఫోన్ మ్యాపు కన్నా ముందు పంచాంగం చూసుకోవాలి. అమావాస్యకో పౌర్ణమికో అటూ ఇటూ అయితే పోటు బాగా ఎక్కుతుంది, చిన్న పాయల్లో కూడా పడవ చెట్ల నడిమి దాకా పోతుంది. అష్టమి, నవమి రోజుల్లో నీటికి ఊపు ఉండదు. లోపలికి పోయాక పాటు మొదలై పడవ బురదలో కూరుకుందంటే, మళ్ళీ పోటు తగిలేదాకా దోమలతో కాలక్షేపం చెయ్యాల్సిందే. గాడిమొగ, భైరవపాలెం వైపు చేపలు పట్టేవాళ్ళకు ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. వల ఎప్పుడు కట్టాలి, ఎప్పుడు ఎత్తాలి, పీతల కోసం బురదలోకి ఎప్పుడు దిగాలి అన్నీ తిథిని బట్టే. చెట్లది కూడా అదే లెక్క. మడ అడవిని కాపాడటం అనగానే మనకు చెట్లు నాటడం గుర్తుకొస్తుంది గానీ, అక్కడ నిజంగా కాపాడుకోవాల్సింది నీటి రాకపోకలను. నీరు సరిగ్గా ఎక్కి సరిగ్గా దిగితే చెట్టు తనంత తానే వస్తుంది. అది ఆగిన చోట కోటి మొక్కలు నాటినా మిగిలేది బురదే.

కాకినాడకు దక్షిణాన, గోదావరి గౌతమి పాయ సముద్రంలో కలిసే చోట ఉంది ఈ అడవి. గౌతమి నుంచి చీలిన కోరంగి, గాడేరు పాయలు ఉత్తరంగా పారి కాకినాడ అఖాతంలో పడతాయి. ఆ అఖాతానికి తూర్పున 16 కిలోమీటర్లకు పైగా సాగిన ఇసుక దిబ్బ ఉంది, అదే హోప్ ఐలాండ్. గోదావరి తెచ్చి పోసిన ఇసుకను అలలు ఉత్తరానికి తోసుకుపోగా గత నూట యాభై ఏళ్ళ పైచిలుకు కాలంలో పెరిగిన దిబ్బ అది. కాకినాడ రేవుకు పెద్ద అలలు తగలకుండా కాస్తున్నదీ, దాని చాటున సన్నని ఒండ్రు మెల్లగా అడుక్కి దిగేలా చేస్తున్నదీ అదే. ఆ ఒండ్రు మీదనే మడ నిలిచింది. 1978లో ఇందులో 235.7 చదరపు కిలోమీటర్లను కోరంగి వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2023 నాటి దేశ అటవీ స్థితి నివేదిక ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో మడ విస్తీర్ణం 421 చదరపు కిలోమీటర్లు. అందులో అత్యధిక భాగం గోదావరి, కృష్ణా మొగల దగ్గరే.

ఇక్కడొక చిన్న కొలత ముఖ్యం. గుజరాత్‌లో ఖంభాత్ సింధుశాఖలో పోటుకూ పాటుకూ మధ్య నీటిమట్టం తేడా పది మీటర్ల దాకా ఉంటుంది. మన కాకినాడ దగ్గర పెద్ద పోటు రోజున కూడా అది సుమారు ఒకటిన్నర మీటరు. అంటే అడవి మొత్తం ఆ ఒకటిన్నర మీటరు లోపలే సర్దుకోవాలి. జానెడు మెరకైతే నెలలో కొన్ని రోజులే తడుస్తుంది, జానెడు పల్లమైతే రోజుకు రెండుసార్లు మునుగుతుంది. పాయ ఒడ్డున ఉప్పు పొన్న, కళింగ కనిపిస్తాయి. కొంచెం లోపలికి నల్ల మడ, తెల్ల మడ. ఇంకా మెరకలో తిల్ల చెట్టు. తిల్ల పాలు కంట్లో పడితే చూపు పోతుందని కట్టెలు కొట్టేవాళ్ళు దాని దగ్గర ఒళ్ళు దగ్గర పెట్టుకుని మసలుతారు. ఎండకు నీరు ఇగిరి ఉప్పు పేరుకున్న పర్రల అంచు దాకా పోగలిగినది తెల్ల మడ ఒక్కటే. అక్కడ అది చెట్టు కాదు, మోకాలెత్తు పొద.

ఎండ ఎక్కిన వేళ తెల్ల మడ ఆకును ఒకటి తెంపి చూడండి. పైన సన్నటి పలుకులు మెరుస్తుంటాయి. నాలుకకు రాస్తే అచ్చం ఉప్పే. వేళ్ళ నుంచి ఎక్కిన ఉప్పులో కొంత భాగాన్ని ఆకు మీదున్న గ్రంథులు బయటికి చెమర్చేస్తాయి, గాలికి నీరు ఆరి పలుకులు మిగులుతాయి. ఉప్పు పొన్నకు ఈ గ్రంథులు లేవు. అది ఉప్పును వేరు దగ్గరే ఆపేస్తుంది. ఎలాగన్నది చాలాకాలం చిక్కుముడిగానే ఉండేది. సముద్రపు నీటి నుంచి మంచినీటిని లాగాలంటే దాదాపు 25 వాతావరణ పీడనాలకు మించిన లాగుడు కావాలి. పెర్ షోలాండర్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త 1960లలో మడ కొమ్మలను కోసి, వాటిని పీడన పాత్రలో బిగించి కొలిచాడు. చెట్టు లోపలి రసం 30 వాతావరణాలకు పైగా బిగుతుతో లాగబడుతూ ఉందని తేలింది. ఆకుల నుంచి ఆవిరైపోయే నీరు కింది నీటిని పైకి లాగుతుంది, ఆ లాగుడుకు వేరు పొరల గుండా నీరు వస్తుంది, ఉప్పు చాలావరకు బయటే ఉండిపోతుంది. నేడు మన ఇళ్ళలో ఆర్వో యంత్రం కరెంటుతో చేసే పని, ఆ చెట్టు ఎండతో చేసుకుంటోంది.

ఉప్పు సగం కష్టమే. మిగతా సగం ఊపిరి. ఆ బురదను పైపైన రెండంగుళాలు తొలిస్తే కింద నల్లగా ఉంటుంది, మురిగిన గుడ్డు వాసన కొడుతుంది. ఆక్సిజన్ లేని చోట బతికే బాక్టీరియా చేసిన హైడ్రోజన్ సల్ఫైడ్ అది. వేళ్ళకు విషం. అందుకే నల్ల మడ, తెల్ల మడ చెట్లు బురదలోంచి పైకి పెన్సిళ్ళంత వేళ్ళను వేలకు వేలు నిలువుగా పంపుతాయి. ఉప్పు పొన్న కాండం నుంచి ఊడలు దింపుతుంది. వీటి పొడవునా సూక్ష్మరంధ్రాలు ఉంటాయి. పోటు ఎక్కినప్పుడు నీళ్ళు వాటిలోకి దూరవు. వేరు లోపలున్న ఆక్సిజన్ ఖర్చవుతూ పీడనం తగ్గుతుంది. పాటు తీయగానే గాలి ఒక్కసారిగా లోపలికి లాగబడుతుంది. షోలాండర్ బృందం 1955లో పొన్న ఊడల రంధ్రాలను గ్రీజుతో మూసేసి చూసింది. భూమిలోని వేళ్ళలో 15 నుంచి 18 శాతం ఉన్న ఆక్సిజన్ రెండు రోజుల్లో 2 శాతానికి, అంతకన్నా కిందికి పడిపోయింది. ఆ ప్రయోగం చదివాక మడ అడవిలో ఆగిపోయిన నీటిని చూస్తే మరోలా కనబడదు. పాటు తియ్యని చోట చెట్టుకు గ్రీజు పూసినట్టే.

అలాంటి ఆగిన నీరు మన డెల్టాలో ఎక్కడి నుంచి వచ్చింది? చాలావరకు మనం తవ్వి తెచ్చుకోలేదు, కొట్టి తెచ్చుకున్నాం. ఒకప్పుడు మడ అడవులను కూపులుగా విభజించి, ఒక్కో కూపును మొత్తంగా నరికి కట్టెలకు, కలపకు వాడేవారు. కొన్నేళ్ళకు చిగురేసి మళ్ళీ అడవి అవుతుందన్నది లెక్క. మెట్ట ప్రాంతాల అడవిలో ఆ లెక్క కొంతవరకు సాగవచ్చు. ఇక్కడ సాగలేదు. చెట్టు పోగానే బురద మీద నీడ పోయింది. ఎండకు నేల ఎండి, వేళ్ళు కుళ్ళి, మట్టి కిందికి కుంగింది. కుంగింది ఎంతో కాదు, జానో, అంతకన్నా తక్కువో. కానీ ఒకటిన్నర మీటరు పోటు ఉన్న చోట జానెడంటే మాటలా? చుట్టూ నిలిచిన అడవి మెరకగా, మధ్యలో కూపు పళ్ళెంలా మిగిలింది. పెద్ద పోటుకు నీరు లోపలికి వస్తుంది, తిరిగి వెళ్ళే దారి లేదు. ఏప్రిల్, మే ఎండలకు నీరు ఇగిరి ఉప్పు మిగులుతుంది. మళ్ళీ పోటు, మళ్ళీ ఎండ. కొన్నేళ్ళకు ఆ నేలలో ఉప్పు సముద్రపు నీటిని మించిపోతుంది. తెల్ల మడ విత్తనం కొట్టుకువచ్చి పడినా మొలవదు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఎడాపెడా నరికేయడం వల్లే అడవి పోయిందని చాలాకాలం అందరూ అనుకున్నారు. నరకలేదని కాదు. కానీ పెద్ద బోడి నేలల్లో చాలావాటి వెనక ఈ పద్ధతి ప్రకారం జరిగిన నరుకుడే ఉంది.

ఈ సంగతి గట్టిగా చెప్పింది ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ. తమిళనాడులో పిచ్చావరం దగ్గర 1990లలో వాళ్ళు చూపించిన మందు కూడా నీటి మందే. పక్కనున్న పాయ నుంచి బోడి నేలలోకి ఒక పెద్ద కాలువ తవ్వడం, దానికి అటూ ఇటూ ఏటవాలుగా పిల్ల కాలువలు తియ్యడం. పై నుంచి చూస్తే చేప ముల్లులా ఉంటుంది, పేరూ అదే పడింది. తర్వాత అదే పనిని అటవీ శాఖతో కలిసి గోదావరి, కృష్ణా డెల్టాల్లో చేశారు. కోరంగి పక్కన మట్లపాలెం లాంటి ఊళ్ళవాళ్ళతో కమిటీలు వేసి, వాళ్ళచేతే తవ్వించి, నాటించారు. కాలువ పడ్డాక పోటుకు వచ్చిన నీరు పాటుకు తిరిగిపోతుంది, పోతూపోతూ నేలలో పేరుకున్న ఉప్పును కడుక్కుపోతుంది. మొక్కలను కాలువ గట్ల వాలులో, పోటు నీరు తగిలి తొలగిపోయే ఎత్తులో పెడతారు. మరీ కిందికి పెడితే మునిగి చస్తాయి, మరీ పైకి పెడితే ఎండి చస్తాయి. కొన్నేళ్ళకు కాలువల వెంట పచ్చటి గీతలు కనబడ్డాయి. ఆ తర్వాత వాటి మధ్య జాగాలో ఎవరూ నాటని మొక్కలు కూడా లేచాయి. నా దృష్టిలో ఈ పద్ధతి గెలిచిందనడానికి అసలు సాక్ష్యం ఆ రెండో రకం మొక్కలే.

దీనికి ఒక పేచీ ఉంది. కాలువలో ఒండ్రు దిగుతుంది. పూడిక తీయకపోతే కొన్నేళ్ళలో మళ్ళీ పాత కథే. మొక్క నాటుతూ ఫోటో దిగడానికి పెద్దలందరూ వస్తారు, మోకాళ్ళ లోతు బురదలో పూడిక తీసే రోజున ఎవరూ రారు. నిధులదీ అదే తీరు. 2023లో కేంద్రం మొదలుపెట్టిన ‘మిష్టి’ పథకం 9 రాష్ట్రాలు, 4 కేంద్రపాలిత ప్రాంతాల్లో సుమారు 540 చదరపు కిలోమీటర్ల మడను లక్ష్యంగా పెట్టుకుంది. మంచి సంగతే. అయితే ఇలాంటి పథకాలు నాటిన మొక్కల లెక్కతో కాకుండా, అయిదేళ్ళ తర్వాత నిలిచిన అడవి లెక్కతో తూగాలి. ఫిలిప్పీన్స్ అనుభవం కళ్ళ ముందే ఉంది. అక్కడ దశాబ్దాల తరబడి కోట్లాది పొన్న మొక్కలను సులువుగా దొరికే సముద్రపు బురద మేటల మీద నాటారు. ఆ మేటలు చెట్టుకు మరీ పల్లం. దీర్ఘకాలంలో బతికినవి నూటికి పది, ఇరవై. మడ ఒకప్పుడు ఉన్న చోట్లు చేపల చెరువులుగా మారి గట్ల వెనక ఉండిపోయాయి. ఫ్లోరిడాలో రాయ్ లూయీస్ అనే జీవశాస్త్రవేత్త అందుకు పూర్తిగా ఎదురు దారి పట్టాడు. నేల ఎత్తు సరిచేసి, నీటికి దారి ఇచ్చి, నాటడం మానేసి కూర్చున్నాడు. విత్తనాలు పోటుతో వాటంతటవే వచ్చాయి.

రాకేం చేస్తాయి! ఉప్పు పొన్న విత్తనం చెట్టు మీద ఉండగానే మొలకెత్తుతుంది. కాయ నుంచి మూరెడు పొడుగు ఆకుపచ్చ మొలక కిందికి వేలాడుతూ నెలల తరబడి తల్లి దగ్గరే పెరుగుతుంది. రాలినప్పుడు పాటు తీసి ఉంటే ఎక్కడికక్కడ గుచ్చుకుంటుంది. నీరుంటే తేలిపోతుంది, వారాల తరబడి తేలినా చావదు. నీళ్ళలో అడ్డంగా తేలే మొలక కొన్నాళ్ళకు నిలువుగా తిరుగుతుంది, తగిన మెరక తగిలితే వేరు దించుతుంది. తన చోటు వెతుక్కోవడంలో మన అధికారుల కన్నా దానికి ఓపిక ఎక్కువ.

ఇంకో మాట. బోడిగా కనిపించే బురదంతా నాటవలసిన చోటు కాదు. కాకినాడ దగ్గరి కుంభాభిషేకం రేవు వైపు పాటు వేళ బయటపడే బురద మేటల మీద శీతకాలంలో సైబీరియా దాటి వచ్చిన పక్షులు మేస్తాయి. ప్రపంచమంతటా సంఖ్య పడిపోతున్న గ్రేట్ నాట్ అక్కడ కనబడుతుంది, పైముక్కు కన్నా కిందిముక్కు పొడుగున్న స్కిమ్మర్ పక్షులు గుంపులుగా దిగుతాయి. బురదలోని పురుగులూ గుల్లలూ నాట్ లాంటి పక్షుల తిండి, కనుచూపు మేర ఏ అడ్డూ లేకపోవడం అన్నిటికీ భద్రత. ఆ మేట మీద మడ మొక్కలు నాటామంటే పచ్చదనం పేరుతో వాటి కంచం లాగేసినట్టే.

అడవి లోపలి జంతువుల్లో ఈ పోటు–పాటు లెక్కను బాగా ఒంట బట్టించుకున్నది బావురు పిల్లి. ఇంటి పిల్లికి రెట్టింపు, పొట్టి తోక, వేళ్ళ మధ్య కొంచెం చర్మం. నీళ్ళంటే భయం లేని పిల్లి. ఒడ్డున కూర్చుని పంజాతో నీటిని తట్టి చేపను పైకి రప్పిస్తుంది, అవసరమైతే దూకేస్తుంది. అభయారణ్యంలో కెమెరాలు కట్టి చేసిన 2018 లెక్కింపులో వందకు పైగా ఉన్నాయని తేలింది. ఇది దేశంలో పులితో సమానంగా మొదటి షెడ్యూలు రక్షణ ఉన్న జంతువు. కానీ దానికి అభయారణ్యం సరిహద్దు రాళ్ళు తెలియవు. అడవి అంచున చేపల చెరువుంటే అక్కడికీ వస్తుంది, రోడ్డు దాటుతూ లారీ కింద పడుతుంది. దీని కన్నా ఎక్కువగా పగటిపూట కనబడేవి నీటి కుక్కలు. గుంపుగా పాయ దాటుతాయి, చేపను బురద మీదికి లాక్కొచ్చి తలతో మొదలుపెడతాయి. అవి తిరిగిన చోట చేపలున్నాయని పడవవాళ్ళకు లెక్క.

ఆ చేపలకు మడ ఏమిస్తుందన్నది ఊళ్ళవాళ్ళే మనకన్నా బాగా చెబుతారు. రాలిన మడ ఆకును పీతలు బొరియల్లోకి లాక్కుపోతాయి. మిగిలింది కుళ్ళి, దాని మీద పెరిగే సూక్ష్మజీవులను చిన్న రొయ్యలు తింటాయి. పెద్ద చేప రాలేని ఇరుకు వేళ్ళ మధ్య పిల్లలు దాక్కుంటాయి. టైగర్ రొయ్య సముద్రంలో గుడ్డు పెట్టినా దాని పిల్ల పెరిగేది ఇలాంటి పాయల్లోనే. 1990ల తొలినాళ్ళలో రొయ్యల చెరువులు పుట్టగొడుగుల్లా లేచినప్పుడు ఆ పిల్లల కోసం పాయల్లో దోమతెరలంత సన్నవలలు వేశారు. ఒక్క టైగర్ పిల్లను ఏరుకుని, దానితో పడ్డ మిగతా చేపపిల్లలను గట్టు మీద పోసేవారు. ఆ నష్టం ఎవరి ఖాతాలోనూ పడలేదు. మండ పీతది వేరే మర్యాద. బొరియ ముందు ఇనుప కొక్కెంతో కూర్చునేవాడికి ఆ బొరియలో పీత ఉందో లేదో కొత్త మట్టి చూస్తే తెలుస్తుంది. పాటు వేళ తవ్వి తీసిన పీత బతికుండగానే కాళ్ళు కట్టేస్తారు, చస్తే ధర చచ్చినట్టే.

వీళ్ళే ఒకప్పుడు కట్టెల కోసం, దడుల కోసం మడ కొట్టారు. ఇంటికి గ్యాస్ బండ వచ్చాక, ఊరి చుట్టూ సరుగుడు పెరిగాక ఆ ఒత్తిడి చాలా తగ్గింది. అడవిలోకి మేతకు వదిలే గేదెల బెడద మాత్రం ఉంది. తెల్ల మడ లేతాకు వాటికి ఇష్టం, మిగతా మొక్క వాటి గిట్టల కింద పోతుంది.

ఇక తుఫాను సంగతి. కోరంగి పేరు చెబితేనే ఉప్పెన గుర్తుకొస్తుంది. ఓడలు కట్టిన ఆ రేవు పట్టణాన్ని 1789లోనూ 1839లోనూ ఉప్పెనలు తుడిచిపెట్టాయి. అందుకే మడ గోడ లాంటిదని, అదుంటే తుఫాను భయం లేదని ప్రచారం చేస్తుంటారు. అంత మాట అనకూడదు. అలల ఎత్తును తగ్గించడంలో మడ గట్టిదే. వంద మీటర్ల మడలో 13 నుంచి 66 శాతం దాకా తగ్గుతుందని కొలతలు చెబుతున్నాయి. ఉప్పెన వేరు. అది అల కాదు, సముద్రమే లేచి రావడం. కిలోమీటరు వెడల్పు మడ దాని మట్టాన్ని 5 నుంచి 50 సెంటీమీటర్లు తగ్గించగలదు. 1977 నవంబరులో దివిసీమ మీదికి వచ్చిన ఉప్పెన ఎత్తు అయిదు మీటర్లు. లెక్క మీరే వేసుకోండి. 1999 అక్టోబరు ఒడిశా మహాతుఫాను మీద సౌదామినీ దాస్, జెఫ్రీ విన్సెంట్ చేసిన పరిశీలన నాకు ఈ విషయంలో అన్నిటికన్నా నికార్సుగా కనిపిస్తుంది. కేంద్రపడా జిల్లాలో 409 ఊళ్ళు తీసుకుని, ఊరికీ సముద్రానికీ మధ్య ఎంత మడ ఉందో, ఎంతమంది చనిపోయారో పోల్చారు. మడ లేకపోయి ఉంటే ఊరికి సగటున మరో ఒకరిద్దరు పోయేవారని తేలింది. అదే పరిశీలనలో, ముందస్తు హెచ్చరిక విని జనం కదలడం వల్ల అంతకన్నా ఎక్కువ ప్రాణాలు దక్కాయనీ తేలింది. తుఫాను షెల్టరూ కావాలి, మడా కావాలి. ఒకటి చూపించి రెండోది ఎగ్గొట్టే వీల్లేదు.

బొగ్గుపులుసు వాయువు లెక్క కూడా ఈ మధ్య బాగా వినబడుతోంది. ఇండో–పసిఫిక్ మడ అడవుల్లో హెక్టారుకు సగటున వెయ్యి టన్నులకు పైగా కార్బన్ ఉందని 2011లో ఒక అంతర్జాతీయ బృందం ప్రకటించింది. అందులో సగానికి పైగా చెట్టులో కాదు, బురదలో. ఆక్సిజన్ లేదు కాబట్టే అది కుళ్ళకుండా నిలిచింది. ఆ బురదను చెరువుగా తవ్వి గట్టుకేస్తే వందల ఏళ్ళ నిల్వ గాలికి తగిలి పోతుంది.

ఈ కథలో ఇప్పుడు పెద్ద చిక్కు మట్టికే వచ్చింది. గోదావరి ఏటా దిగువకు తెచ్చే ఒండ్రు 1970లలో సుమారు 15 కోట్ల టన్నులు. ఈ శతాబ్దం మొదటి ఏళ్ళకు అది 6 కోట్ల లోపుకు పడిపోయింది. మిగతాది పైన ఆనకట్టల వెనక ఆగుతోంది. డెల్టా నేల తన బరువుకు తాను ఏటా కొంచెం కుంగుతూనే ఉంటుంది, ఆ కుంగుడును పూడ్చేది కొత్త ఒండ్రే. అది తగ్గింది, సముద్ర మట్టం పెరుగుతోంది. మామూలుగా అయితే మడ ఇలాంటప్పుడు మెరక వైపు జరుగుతుంది. జరగడానికి వెనక చోటేదీ? అభయారణ్యం అంచు నుంచే చెరువు గట్లు, రోడ్లు, ఇళ్ళ స్థలాలు. కాకినాడలోనే దుమ్ములపేట దగ్గర మడ నేలను ఇళ్ళ స్థలాల కోసం పూడ్చిన వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. పేదలకు ఇల్లు వద్దనలేం. కానీ పోటు నీరు రావడానికి అలవాటుపడ్డ పల్లంలో ఇల్లిచ్చి, ఆ నీటిని ఆపే చెట్టును తీసెయ్యడం ఆ పేదలకు మేలేనా అన్నది అడగాల్సిన ప్రశ్న.

చోటు దొరికే అవకాశం ఒకటే కనిపిస్తోంది. 1994–95లో తెల్లమచ్చల వ్యాధి వచ్చి రొయ్యల సాగు కుప్పకూలినప్పుడు తీరం పొడుగునా చెరువులు పాడుబడ్డాయి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర నియంత్రణ మండలంలో రొయ్యల పరిశ్రమ మీద కఠినమైన తీర్పు ఇచ్చింది. తర్వాత వనామి రకం రొయ్య వచ్చి కొన్ని చెరువులు మళ్ళీ నిండాయి. పాడుబడి మిగిలిన వాటిలో ఒకప్పుడు పాయ పారిన చోట గట్టుకు గండి కొడితే చాలా మడ తిరిగొస్తుంది. ఎక్కడ కొట్టాలో పాత మ్యాపుల కన్నా ఆ పాయలో వల వేసిన ముసలివాళ్ళకే బాగా తెలుసు. గండికి ముందు సర్వే పరికరం పెట్టి చెరువు అడుగు ఎత్తును, పక్కనే నిలిచిన తెల్ల మడ వేళ్ళ ఎత్తుతో సరిచూడాలి. చెరువు అడుగు జానెడు పల్లంగా తేలితే గండి కొట్టగానే చెట్టు రాదు. పోటు నీరు మోసుకొచ్చే ఒండ్రు దిగి మట్టం లేచేదాకా, రెండు వానాకాలాలో మూడు వానాకాలాలో అక్కడ బురద, పీతలు, కొంగలు తప్ప మరేమీ ఉండవు. ఆ ఏళ్ళ నివేదికలో ‘నాటిన మొక్కలు’ అన్న గడిలో సున్నా వేసే ధైర్యం ఎవరో ఒక అధికారికి ఉండాలి.